రేకుల ఫ్యాక్టరీ బెల్లం

నిన్న కంకిపాడులో మా పక్కింటివాళ్లు డాబా వేయించుకుందామని పాత సిమెంటు రేకులు దింపిస్తున్నారు. పనివాళ్లు సుత్తులతో పగలగొడుతుంటే తెల్లటి దుమ్ము మా బట్టల తీగ దాకా వచ్చింది. ఆపమని గోడ మీంచి కేకేశాను. మేస్త్రి నవ్వి, "ఏం కాదులెండి మేడమ్, అందరం బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాం," అన్నాడు. రిటైరైన సైన్సు టీచర్ని, నోటికి పెట్టింది పేరు. పైగా ఈ బెల్లం మాట చిన్నప్పుడే విన్నదాన్ని.

మా పెదనాన్న విజయవాడ అవతల రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రేకుల్లో కలిపే ఆస్బెస్టాస్ నార బస్తాలు కోసి గుమ్మరించడం ఆయన పని. డ్యూటీ దిగేటప్పుడు మనిషికో బెల్లం ముక్క ఇచ్చేవారు, దాంతో దుమ్మంతా కడుపులోకి జారిపోతుందని అందరి నమ్మకం. పెదనాన్న అది తినకుండా రుమాల్లో కట్టి ఇంట్లో పిల్లలం మాకు తెచ్చేవాడు. ఆ రుమాలుకి ఎంత దుమ్ము ఉండేదో ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు మాత్రం సైకిల్ బెల్లు వినబడితే చాలు, వీధిలోకి పరుగు. చర్చి క్వాయర్‌లో ఆయనది పెద్ద గొంతు. కొన్నేళ్లకి పాట మధ్యలో ఊపిరందక కూర్చుండిపోవడం మొదలైంది. "తినమన్న బెల్లం పిల్లలకి పెట్టేశారు, ఇంకేముంది," అని పెద్దమ్మ ఏడ్చేది. ఆయన ఊపిరి మేమే తినేశామని నేను చాలా ఏళ్లు కుమిలిపోయాను. తిండి దారి వేరు, గాలి దారి వేరు అని పాఠం చెప్పే రోజు వచ్చాక గానీ ఆ బరువు దిగలేదు.

ఒకరోజు ఫ్యాక్టరీ డాక్టరు కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. ఈ జబ్బు బీడీల వల్ల వచ్చిందని సంతకం పెడితే కంపెనీ ఆసుపత్రిలో చేర్చుకుంటారట. పెట్టేయమని పెద్దమ్మ బతిమాలింది. పెదనాన్న పెన్నుకి మూత పెట్టి తిరిగిచ్చాడు. "మా ఇంట్లో అగ్గిపెట్టె పొయ్యికేనండి. దుమ్ము వల్లని రాయండి, పెడతాను." ఆ రెండు ముక్కలకీ ఊపిరి కోసం మూడుసార్లు ఆగాడు. మర్నాడు ఆయన షిఫ్టువాళ్లంతా వరసగా వెళ్లి తమ బెల్లం డాక్టరు బల్ల మీద పెట్టి వచ్చారు. ఫైళ్లకి చీమలు పట్టాయని తెలిసి పెదనాన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆసుపత్రి దొరకలేదు. ఇంట్లోనే పోయాడు, సంతకం పెట్టకుండా. నాకు ఆ కోపం ఇంకా చల్లారలేదు, ఆ గర్వమూ తగ్గలేదు.

నిన్న మా పంపు గొట్టం లాక్కెళ్లి రేకుల్ని నేనే తడిపాను. మూతికి గుడ్డలు కట్టించి, బోల్టులు ఊడదీయించి, ఒక్కటీ పగలకుండా దింపించాను. మేస్త్రి సణుగుతూనే చేశాడు. ఇన్నేళ్లలో నాకు వయసు మీద పడింది గానీ ఆ బెల్లం అబద్ధానికి పడలేదు. అది బతికున్నంత కాలం నా కేకలూ ఉంటాయి.