అయిదో పళ్లెం ఎవరిది

మార్చి నెల రెండో శనివారం, సాయంత్రం నాలుగుంపావు. నా అరవై ఆరేళ్ల బతుకులో గంటతో సహా గుర్తున్నది అదొక్కటే. ఇవాళ కిరాణా పట్టీ రాద్దామని స్కెచ్‌పెన్ను మూత తీశాను. ఆ ఘాటు వాసనకు సుభద్ర గారి ముందుగది కళ్ల ముందుకొచ్చింది.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో మా అమ్మాయి లక్ష్మి ఫ్లాటుకు సరిగ్గా కింద ఫ్లాటు ఆమెది. మందుల కంపెనీ ల్యాబులో పని చేసి రిటైరయ్యారు. మాట గట్టి, మొహమాటం లేదు. అందుకే నాకు నచ్చారు. అంతరిక్ష నౌక సీరియల్ అంటే ఆమెకు ప్రాణం. శనివారాలు ఆమె టీవీలో తెలుగు డబ్బింగుతో అందరం కలిసి చూసేవాళ్లం. వచ్చే ఎపిసోడ్‌లో ఏమవుతుందో ఎవరికి వారు చీటీ మీద రాసి, బిస్కెట్ల డబ్బాలో వేయాలి. ఎపిసోడ్ అయ్యాక ఎవరి చీటీ వారే చదవాలి. నోటితో చెప్పింది చెల్లదు. నాకు అక్షరం రాదు గనక నేను పకోడీలు వేసి కూర్చునేదాన్ని.

ఆ సీజను సగంలో, మూసిన ఏడో గది తలుపు దగ్గర కథ ఆపేశారు. మిగతాది మూడు నెలల తర్వాతట. లోపల ఏముందని అందరూ కొట్టుకుంటుంటే నేనూ నోరు తెరిచాను.

"లోపల మనిషి ఉంది. నౌకలో ఉన్నది నలుగురు, వంటవాడు అయిదు పళ్లేల్లో వడ్డిస్తున్నాడు."

సాఫ్ట్‌వేర్ కుర్రాడు రోహిత్ నవ్వాడు. "అది షూటింగ్ వాళ్ల మిస్టేక్ ఆంటీ. లోపలున్నది మెషీన్. ఆన్‌లైన్‌లో ఫ్యాన్స్ అందరూ అదే గెస్ చేస్తున్నారు."

ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఏళ్లు వండినదాన్ని. వడ్డించేవాడు పళ్లేల దగ్గర పొరపాటు పడడు.

"రాసి వేయండి కోటమ్మ గారూ," అన్నారు సుభద్ర గారు.

"నేను రాసిస్తాలెండి," అంది లక్ష్మి.

"అప్పుడది నీ చీటీ అవుతుందమ్మా."

నాకు ఒళ్లు మండింది. "నాకు రాదని తెలిసే అంటున్నారా?"

"తెలిసే. మూడు నెలలు టైముంది. రేపు పదింటికి రండి."

వెళ్లాను. గరిటె తిప్పిన చెయ్యి, పెన్నును పిడికిట్లో పట్టేది. "పొడవకండి, రాయండి," అనేవారామె. రెండు నెలలైనా నా అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే ఓపిక చచ్చి, లక్ష్మి చేత పెన్సిల్‌తో రాయించి, దాని మీద స్కెచ్‌పెన్ను దిద్ది తీసుకెళ్లాను. ఆమె కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూశారు.

"కింద పెన్సిల్ గీత ఉంది. మీ ఊహ సొంతం, చెయ్యి మాత్రం అరువా?" అని చించేశారు.

నాలుగు రోజులు ఆమె గుమ్మం తొక్కలేదు. అయిదో రోజు మెట్లు దిగుతుంటే సిగ్గేసింది. ఆమె తలుపు తీసి, కొత్త కాగితం ముందు పెట్టారు.

నెల తిరిగేసరికి, ఆ మార్చి శనివారం, డబ్బాలో నా చీటీ పడింది. ఎపిసోడ్‌లో తలుపు తెరుచుకుంది. లోపల ముసలావిడ ఒకతె, చనిపోయిందనుకున్న పాత కెప్టెన్, ఒళ్లో పళ్లెం పెట్టుకుని తింటోంది. సుభద్ర గారు డబ్బా నా ముందుకు జరిపారు. నేను లేచి నిలబడి, అక్షరం అక్షరం కూడుకుంటూ చదివాను: "లోపల మనిషి ఉంది. అయిదో పళ్లెం ఆమెదే."

"ఆంటీ, నిజం చెప్పండి, లీకైన స్పాయిలర్లు ఎక్కడ చదివారు?" అన్నాడు రోహిత్.

"ఈ చీటీ ఒక్కటే నాయనా నేను చదివింది," అన్నాను.

సుభద్ర గారు అంత గట్టిగా నవ్వడం అప్పుడే చూశాను. ఇప్పుడామె క్యారీ అనే వేరే ఊళ్లో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. కొత్త సీజను వచ్చిందంటే మా ఊహలు పోస్టులో వెళ్తాయి, వస్తాయి. నాది తప్పయిన సార్లూ ఉన్నాయి. అయినా నా మాట ఇంకొకరి చేత రాయించడం ఆ రోజుతో మానేశాను. బ్యాంకులో వేలిముద్ర వేసిన మనిషిని, ఇప్పుడు కాగితం ఇస్తే ముందు చదివి, ఆ తర్వాతే సంతకం పెడతాను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లం: సుభద్ర గారు, రోహిత్, మా లక్ష్మి, మనవరాలు అన్వి, కోటమ్మ అనే నేను.