చోటే మియా అడగని ప్రశ్న

కొల్లాపూర్ బస్టాండు పక్కన ఫోన్లు బాగుచేసే చోటే మియా యౌవనమంతా సినిమా హాల్లో రీళ్లు తిప్పడంతోనే గడిచింది. హాలు మూతపడింది గానీ ఆ సినిమాలన్నీ ఆయన తలలో పదిలంగా ఉన్నాయి. సిగ్నలందని మామిడితోటలకు కాపలా వెళ్లేవాళ్లు మెమరీ కార్డు చేతికిచ్చి, “ఏదన్న మంచిది ఎక్కియ్ భాయ్” అనేవారు. హత్యలవా, రాజులవా, దయ్యాలవా అని ఆయన అడిగేవాడు కాదు. “ఎవరెవరు చూస్తరు?” అనేవాడు. ముసలమ్మ ఉందంటే కోటలూ యుద్ధాలూ. నలుగురు మగవాళ్లుంటే హంతకుడెవడో చివరిదాకా తేలని కథ. దయ్యాల సినిమా గుండె దిటవున్నవాళ్లకే. గ్రంథం చెప్పబూనేముందు వినేవారి అధికారాన్ని, అంటే అర్హతను, విచారించమని శాస్త్రం విధించింది. ఆ శాస్త్రం ఎరగకపోయినా చోటే మియా ఏనాడూ ఆ నియమం తప్పలేదు.

ఒక్క శుక్రవారం తప్పాడు. జుమ్మా నమాజుకు వేళ మించిపోతోంది. షట్టరు సగం దించాక, లింగాల నుంచి తోట కాపలాకు వచ్చిన గోవిందు ఎదురుపడ్డాడు. చోటే మియా ఏమీ అడగలేదు. తనకు ప్రాణప్రదమైన పాత నలుపు తెలుపు దయ్యం సినిమా ఎక్కించి పంపేశాడు. బావిలో పడి చనిపోయిన తల్లి, బిడ్డను చూసుకోవడానికి మిట్టమధ్యాహ్నం గట్టుమీదికి వచ్చే కథ అది.

పదిరోజులకు గోవిందు మళ్లీ వచ్చాడు.

“ఏం సినిమా ఇచ్చినవ్ భాయ్!”

“ఏందిరా, గంత మీసం పెట్టుకొని భయపడ్డవా?” చోటే మియా నవ్వాడు.

“నేను గాదు. మా బిడ్డ యమున జూసింది. తల్లి పోయి రెండు నెలలు గాలే. పిల్లను యాడ ఇడుస్తనని తోటకే తెచ్చుకున్న. భయపడ్డా బాగుండు. రోజు పగటీలి బాయిగడ్డ మీద కూసుంటది. అమ్మొస్తదంట! నిన్న కాలు జారింది. కొమ్మ దొర్కింది గాబట్టి బతికింది. పక్కతోటోళ్లను జూస్కొమ్మని చెప్పొచ్చిన.”

చోటే మియా నవ్వు పెదవిమీదే ఆరిపోయింది. భగవంతుని ముందు వేళకు నిలబడాలన్న తొందరలో తాను చేసిన పని ఇదా! ఆనాటి నమాజు దేవుడికి చేరిందో లేదో! షట్టరు దించి గోవిందు బండెక్కాడు.

ఎనిమిదేళ్ల యమున పక్కతోటవాళ్ల కన్నుగప్పి వచ్చి బావి అంచున కూర్చుని ఉంది. చేతిలో దువ్వెన. అమ్మ వస్తే జడ వేయించుకోవాలి కదా. చోటే మియా మెల్లగా పక్కన చతికిలబడ్డాడు.

“బిడ్డా, సిన్మాల వచ్చిన ఆమె నటించే మనిషి. ఒక్కటే ఫిలిం మీద రెండుసార్లు తీసిండ్రు. గందుకే పొగ లెక్క కనవడ్తది. నేనే వందసార్లు తిప్పిన. రీలు అయిపోతే ఉత్త తెల్లతెరనే.”

“గట్లయితే మా అమ్మ రాదా, తాతా?”

కన్నతండ్రి ఇన్నాళ్లుగా చెప్పలేకపోయిన మాట అది. గోవిందు ముఖం తిప్పుకున్నాడు.

“రాదు బిడ్డా.”

యమున ఒకసారి నీళ్లలోకి తొంగిచూసింది. తర్వాత లేచి వెళ్లి తండ్రి చేతిలో దువ్వెన పెట్టింది. బావిగట్టు ఖాళీ అయింది. ఆశపెట్టిందీ తానే, తుంచిందీ తానే. చోటే మియా గట్టు దిగివచ్చాడు.

గోవిందు చేతకాని చేతులతో పాయలు తీస్తుంటే ఆ పిల్ల మళ్లీ అడిగింది.

“తాతా, అమ్మ సావని సిన్మా ఒకటి ఎక్కియ్యవా?”

చోటే మియా మనసులో రీళ్లు తిరిగాయి. హత్యల కథల్లో మొదటి రీల్లోనే తల్లి పోతుంది. రాజుల కథల్లో కోటతోబాటు పోతుంది. దయ్యాల కథల సంగతి సరేసరి. అడిగిన వెంటనే పేరు చెప్పలేకపోవడం ఆయనకు అదే మొదలు.

“వెతుకుత బిడ్డా” అన్నాడు.

ఇప్పుడు ఆయన శుక్రవారాలు నమాజుకు అరగంట ముందే షట్టరు దించుతున్నాడు. మిగతా రోజుల్లో, బేరం లేని వేళ, పాత సినిమాలు ఒక్కొక్కటే మొదటినుంచి పెట్టి చూస్తున్నాడు. తెరమీదికి తల్లి రాగానే పని ఆపి, ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు.