వదిన సెలైన్ సీసా

మా ఇంటి ఓనరన్న హఫీజ్‌పేట్ మనిషి. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఆయన పైవాటాలో దిగినవాణ్ని. తెలంగాణ ఉద్యమం రోజులు. హైటెక్ సిటీ ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఇంట్లో ఆ పని మా ఆవిడ చేసేది, నా మీద.

ఆ వానాకాలం అన్న భార్యకు జ్వరం వస్తే మియాపూర్ వైపు ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చారు. సెలైన్ చివరికొచ్చేసరికి ఒళ్లంతా వణుకు పట్టుకుంది. సాయంత్రానికి వదిన లేదు. ఆమెను తీసుకొస్తూ అన్న ఆ సీసా కూడా చంకలో పెట్టుకొచ్చాడు. దాని మీద ‘ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు’ అని ఉంది. సర్కారు సీసా ప్రైవేటులోకి ఎలా దొర్లిందో ఎవరైనా ఊహించగలరు. అన్నకు కావాల్సింది అది కాదు.

"ఆమెకు ఏమెక్కిచ్చిండ్రో నాకు తెల్వాలె తమ్మీ. గంతే."

మందులు పరీక్ష చేసే ఆఫీసుకు వెళ్తే తాళం. ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. అయ్యేదాకా సీసా దాచుదామన్నాను. అన్న తన ఫ్రిజ్ తెరవలేకపోయాడు, వదిన తోడుపెట్టిన పెరుగు ఇంకా అందులోనే ఉందని. అలా ఆ సీసా మా ఫ్రిజ్‌లోకి, గోంగూర పచ్చడి పక్కకు వచ్చింది. అడుగున నాలుగు వేళ్ల మందం మందు మిగిలి ఉంది.

దినాలు కాకముందే నాయకులొచ్చారు. ఒకాయన ఈ చావు మీద న్యాయ విచారణ జరగాలన్నాడు. ఆ వెనకే వచ్చిన ఇంకో పార్టీ ఆయన మందుల స్మగ్లింగ్‌పై ఉక్కుపాదం మోపాలన్నాడు. విచారణ సంగతేమో గానీ, విచారం మాత్రం ఇద్దరూ అక్కడికక్కడే వ్యక్తం చేశారు. తర్వాత దవాఖాన యజమానిది ఏ ప్రాంతమన్న దాని మీద వాదన పెరిగింది. ఒకతను నా వైపు చూసి, "ఈయనెవరే?" అన్నాడు.

"మా కిరాయిదారు. ఆంధ్రాయన," అని అన్న కాస్త ఆగి, "మంచోడే," అన్నాడు.

మర్నాడు దవాఖాన ముందు ధర్నా. లారీల్లోంచి జనం దిగారు. ఆ గుంపులో కిరాయి ఇచ్చేవాణ్ని నేనొక్కణ్నే, మిగతావాళ్లు పుచ్చుకునేవాళ్లు. తెమ్మంటే అన్న వెంట తెచ్చిన సీసాను జనానికి చూపించాలన్నాడు, విచారణ అడిగిన నాయకుడు. అన్న ఇవ్వనన్నాడు.

"సూపెట్టి ఇస్తమే! నీ సీస మేమేం జేస్కుంటం?"

"మూత మాత్రం తీయకండి," అన్నాను నేను.

"మీరాగుండ్రి సార్."

ఆ రోజుల్లో నా ‘అండి’ ఎంత మర్యాదగా పలికితే నా మాట అంత తేలికైపోయేది.

చివరికి అన్న ఇచ్చాడు. సీసా చేతులు మారుతూ వేదిక వెనక్కి వెళ్లింది. మళ్లీ కనిపించేసరికి నాయకుడి తలకు పైన, కెమెరాల ముందు ఉంది. మెడదాకా నిండుగా.

అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "తమ్మీ, అది గట్ల లేకుండె గదా?"

వేదిక వెనక ఉన్న కార్యకర్త సంబరంగా చెప్పాడు. "అడుగున జరంతే ఉండె అన్నా, టీవీల కనబడ్తలేదు. మంజీర నల్లా నీళ్లు నింపినం. ఇప్పుడు సూడు, ఎంత మంచిగున్నదో!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇక పరీక్షకు పనికిరాదండీ! పనికిరాదు!" అని అరిచాను. పక్కనున్నవాళ్లు అది నినాదమనుకొని అందుకున్నారు. "పనికిరాదు! పనికిరాదు!" జీవితంలో నా వెనక జనం నడిచింది ఆ ఒక్కసారే. నాయకుడు దిగొచ్చి, "ఫికర్ జెయ్యకు, విచారణ అయితది," అని సీసా అన్న చేతిలో పెట్టి, భుజం తట్టి కారెక్కాడు.

సమ్మె ముగిశాక ఆ సీసాతోనే ఆఫీసుకు వెళ్లాం. మూత తీసినవి, నీళ్లు కలిసినవి తీసుకోవడం కుదరదన్నాడు అధికారి.

"కలిపిన నీళ్లంత పక్కకు వెట్టి మిగిలింది సూడరాదు సార్?" అని అన్న బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

బయటికొచ్చి బస్‌స్టాప్‌లో కూర్చున్నాం.

"మరి విచారణల ఏం జేస్తరు తమ్మీ?"

"కమిటీ వేస్తారంట అన్నా."

"ఏస్తే? ఆమెకు ఏమెక్కిచ్చిండ్రో కమిటీకెట్ల తెలుస్తది?"

మా బస్సు వచ్చింది, అన్న లేవలేదు. నేనూ ఆయన పక్కనే ఉండిపోయాను.