ఒక దీర్ఘం తీసిన పరుగు

ముప్పై అయిదేళ్ళు పిల్లల దీర్ఘాలను ఎర్ర సిరాతో దిద్దిన మనిషి, ఒకే ఒక్క దీర్ఘంతో ఒక రాష్ట్ర జట్టును ముంచబోయిన వైనం ఇది. ఆ మనిషిని నేనే. నవ్వదలచినవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నాకు నవ్వు రావడానికి కొన్నేళ్ళు పట్టింది.

జాతీయ క్రీడల్లో మహిళల సాఫ్ట్‌బాల్ పోటీలు మా సూరత్‌లో జరిగాయి. తెలంగాణ జట్టుకు తోడుగా తెలుగు, హిందీ, గుజరాతీ వచ్చిన పెద్దమనిషి కావాలన్నారు. ఇక్కడి తెలుగు పాఠశాలలో పదవీ విరమణ చేసిన నేను ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ఆటల వేళల పట్టికతో హాజరయ్యాను. ఆట గురించి నాకు తెలిసినది ఇంతే: బంతిని కొట్టిన అమ్మాయి మూడు బేస్‌లు దాటి, బయలుదేరిన చోటికే తిరిగి చేరితే ఒక పరుగు. బయలుదేరిన చోటికే రావడానికి ఇంత శ్రమ దేనికని శిక్షకురాలు సునీతను అడిగాను. ఆమె నన్ను రెండు రోజులు పలకరించలేదు.

మూడో రోజు పలకరించింది, గుసగుసగా. అరిచి అరిచి ఆమె గొంతు పోయింది. కాంస్య పతకం మ్యాచ్ ఆ రోజే.

“సార్, మీ గొంతు కావాలె. నేను చెవుల చెప్త, మీరు ఒర్లున్రి. రెండే మాటలు. ఉరుకు, ఆగు.”

“‘పరుగెత్తుము’ అనరాదా అమ్మా?”

“మీరు గా మాట పూర్తి జేసేసరికి బాల్ ఇంటికొస్తది సార్!”

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు పెద్దదైతే జట్టు ఏమవుతుందో పెద్దలెవరూ చెప్పిపోలేదు. నేను ఒప్పుకున్నాను.

జట్టులో అందరికంటే వేగం గల అమ్మాయి రజిత. ఆమె మేనమామ సాయిలు సూరత్‌లోనే, నవాగామ్ పేటలో ఉంటాడు, మరమగ్గాల మీద పని. ఆనాడు సెలవు పెట్టి, తోటి కార్మికులతో, రెండు డప్పులతో వచ్చి కంచె అవతల కూర్చున్నాడు. “పతకమొస్తెనే ఆటల కోటాల సర్కారు కొలువుకు దరఖాస్తు వెట్టొచ్చు సార్. లేకుంటె మామ కార్ఖానల కండెలు చుట్టుడే” అని రజిత నాతో పొద్దున్నే చెప్పింది.

చివరి ఇన్నింగ్స్. స్కోరు సమం. మూడో బేస్ మీద రజిత. బయలుదేరిన చోటును, అంటే హోమ్ ప్లేట్‌ను తాకితే పతకం మాది. మా అమ్మాయి కొట్టిన బంతి మెత్తగా దొర్లి, బంతి వేసిన ప్రత్యర్థి చేతుల్లోకే వెళ్ళింది. ఇప్పుడు పరుగెత్తితే ఔటవడం ఖాయం. సునీత నా మోచేతిని గిల్లింది.

“ఆపున్రి సార్! ఆపున్రి!”

‘ఆగు’ అనే రెండక్షరాలు నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ప్రమాదం కనబడగానే ముప్పై అయిదేళ్ళ తరగతి గది మొత్తం నా గొంతులోకి వచ్చి కూర్చుంది. అల్లరి పిల్లలను ఆపడానికి రోజుకు నలభైసార్లు వాడిన మాటే బయటికి దూకింది.

“ఊరుకో!”

డప్పుల మోతలో నా దీర్ఘం కొట్టుకుపోయింది. రజిత మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలా దూసుకుపోయింది. బంతి ఆమెకంటే ముందే చేరి, ప్లేట్‌ను కాచే క్యాచర్ చేతిలో గడప మీది అత్తగారిలా ఎదురుచూస్తోంది. ఔట్.

రజిత నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“ఏం సార్! బాల్ ఆమె చేతులనే ఉండె గద! ఉరుకో అంటిరి!”

“నేను ఊరుకో అన్నానమ్మా!”

“గదే గద, ఉరుకో!”

“కాదమ్మా! ఊ... దీర్ఘం! ఊరుకో అంటే కదలవద్దని.”

“గట్లయితె ఊకో అనాలె సార్! మా దిక్కు గంతే అంటం. నడుమల ‘రు’ ఎవరు వెట్టమన్నరు?”

కంచె అవతలి నుండి సాయిలు అందుకున్నాడు. “ఏంది పంతులూ, గిట్ల జేస్తివి? పోరి కొలువును సత్యనాశ్ జేస్తివి గదనే!”

దోషం ఉచ్చారణలో లేదని, వినికిడిలో ఉందని వాదించబోయాను. రజిత కళ్ళలో నీళ్ళు చూసి ఆ వాదన మింగేశాను.

ఆట అదనపు ఇన్నింగ్స్‌లోకి సాగింది. మొదటిదానిలో ఎవరికీ పరుగు రాలేదు. రెండోదానిలో రజిత బ్యాటు పట్టుకుని వెళుతూ నా ఎదుట ఆగి చేతులు జోడించింది.

“సార్, దండం వెడుత. ఇగ మీరు జర ఊకోన్రి.”

అంత స్పష్టమైన వాక్యం నేను ఏ వ్యాకరణంలోనూ చదవలేదు.

ఆమె బంతిని కొట్టి, ఒక్కొక్కటిగా బేస్‌లు గడిచి, మళ్ళీ మూడో బేస్ చేరింది. తరువాతి బంతి క్యాచర్ చేయి జారి వెనక్కి దొర్లింది. సునీత నా వీపు మీద గుద్దింది.

“ఉరుకుమనున్రి సార్! ఉరుకుమనున్రి!”

నేను జట్టు టోపీని పళ్ళ మధ్య కరచిపట్టి తల అడ్డంగా ఊపాను.

“నోరు దెరువున్రి సార్! మీ కాల్మొక్త!”

రజిత మావైపు చూడనేలేదు. బంతిని చూసింది, ఉరికింది, దుమ్ములో జారింది. క్యాచర్ ఆమె మీదికి వాలింది. డప్పులు ఆగిపోయాయి. దుమ్ము అణిగేదాకా ఎవరికీ ఏమీ కనబడలేదు. అప్పుడు అంపైర్ రెండు చేతులూ బారలు చాచాడు. సేఫ్! కాంస్యం మాది.

టోపీని నా పళ్ళ నుండి ఊడదీయడానికి ఇద్దరు అమ్మాయిలు కావలసివచ్చింది. సాయిలు కంచె దాటివచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. క్షమించాడనుకుని నేను కరిగిపోతుండగా, చెవిలో అన్నాడు.

“పంతులూ, నువ్వు మొదటి దినం నుంచే గిట్ల ఊకుంటే బంగారమే వస్తుండె!”

కనుక పాఠకుల సమక్షంలో, త్రికరణశుద్ధిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఏ మైదానంలోనూ, ఏ జట్టు పక్షానా నేను నోరు విప్పను. విప్పక తప్పకపోతే ఒకే మాట అంటాను, అదీ నాకు నేనే: ఊకో.