ఆరడుగుల గుంత

నా తమ్ముడు ఆదినారాయణ ఎంత మూర్ఖుడో చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది వాడు. వాడొక్కడే కాదు, పులివెందులకు ఇవతల చీనీ, అంటే బత్తాయి తోటలు పెట్టుకుని మీసాలు దువ్వుకునే మా ఊరి మగవాళ్ళందరిదీ అదే బుర్ర. ఈ కథ మాత్రం వాళ్ళది కాదు, రహమతుల్లాది.

రహమతుల్లా మా ఊరి ఖబరస్తాన్‌లో గుంతలు తవ్వుతాడు. వాళ్ళ నాయన తవ్వేవాడు, ఈయనా తవ్వుతాడు. మధ్యలో పదకొండేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో కారు తోలాడు. తిరిగి వచ్చి, ఏటవాలుగా ఉన్న రెండెకరాల రాళ్ళ చేలో నూట పది చీనీ చెట్లు పెట్టాడు. బోరు ఒకటే. అది మార్చి దాటితే గాలి కక్కుతుంది.

"ఈ చెట్లు ఎండితే మళ్ళా కువైట్ పోవాల్సిందే అక్కా. ఈ వయసులో ఇంకొకరి గేటు కాడ నిలబడుకునే ఓపిక నాకు లేదు" అని నాతో ఒకసారి అన్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, ఆ మాట చెప్పేటప్పుడు కళ్ళు దించుకున్నాడు.

ఆ ఏడు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు బడి వసారాలో మీటింగు పెట్టాడు. వాలుకు అడ్డంగా దున్నమని, కట్టలు వేసుకోమని, వాన నీళ్ళు చేను దాటి పోనివ్వద్దని చక్కగానే చెప్పాడు. చివర్లో నీటిగుంట అనే మాటను మా యాసలో చెప్పాలని ముచ్చటపడ్డాడు పాపం. "ప్రతి రైతూ తన చేలో ఒక గుంత తవ్వుకోవాలండీ" అన్నాడు.

చేలో నీళ్ళు నిలిచేది మాకు కుంట. గుంత అంటే మనిషిని పూడ్చేది. చెట్టు నాటేదీ గుంతే అనుకోండి, కానీ మనిషి మొహం మీద "నీ చేలో గుంత తవ్వుకో" అంటే అది తిట్టే. వసారా అంతా బిగుసుకుంది. నా తమ్ముడు లేచాడు.

"సార్, మా ఊర్లో గుంతలు తవ్వేదానికి ఒక మనిషి ఉండాడు. ఎవురికి కావాల్నో చెప్పండి, పంపిస్తాం."

అందరూ గొల్లున నవ్వారు. అప్పుడు వెనక కూర్చున్న రహమతుల్లా లేచి, "ఎంత లోతు సార్?" అని అడిగాడు.

"ఆరడుగులు చాలండీ. పొడవూ వెడల్పూ ముప్పై."

ఆరడుగులు అనగానే చూడాలి ఆ మగరాయుళ్ళ నవ్వు! "కొలత నీకు తెలిసిందే గదా మామా" అని ఒకడు, "ముప్పై ఏంటికి సార్, ఊరంతటికా?" అని ఇంకొకడు. థూ, ఏం నోళ్ళో! ఆ రోజు నేనూ నవ్వాను. అది కూడా ఒప్పుకోకపోతే నాకూ వాళ్ళకూ తేడా ఏముంది?

రహమతుల్లా మరుసటి వారమే చేను కింది మూల, వాన నీళ్ళు బయటికి జారిపోయే చోట గడ్డపార దించాడు. భార్య సైదున్నీసా తట్టలు మోసింది. నాలుగు నెలలు పట్టింది. తీసిన రాళ్ళతో వాలుకు అడ్డంగా మూడు కట్టలు వేశారు. దారిన పోయే ప్రతి వెధవా గట్టు మీద నిలబడి, "ఎవురికి మామా ఇంత పెద్దది?" అని అడగడమే. ఆయన చెమట తుడుచుకుని, "నీళ్ళకేనప్పా" అనేవాడు.

అదే నాలుగు నెలల్లో నా తమ్ముడు వెలగబెట్టిన ఘనకార్యం వినండి. జమ్మలమడుగు నుంచి నీళ్ళు చూసే ఆయనను పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. టెంకాయ లేచి నిలబడిన చోట, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన బోరు లారీ తొమ్మిది వందల అడుగులు దించింది. దుమ్ము లేచింది. వాడికది ఆరో బోరు. ఆరడుగులు తవ్వమంటే పోయిన పరువు, తొమ్మిది వందల అడుగుల దుమ్ముకు పోలేదు!

"ఆ టెంకాయతో ఊరిబిండి నూరుకున్నా సంగట్లోకి పనికొచ్చుండు గదరా" అన్నాను.

"ఊరుకోక్కా, నీకేం తెలుసు" అన్నాడు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. మావాళ్ళు పైనుంచి కిందికి దున్నిన సాళ్ళ వెంబడి ఎర్రమట్టంతా వాగులో కలిసిపోయింది. రహమతుల్లా గుంత అంచుల దాకా నిండింది. పదిహేను రోజుల్లో ఆ నీళ్ళు ఇంకిపోయాయి.

"చూసినావా అక్కా, గుంతే తాగేసింది" అని నా తమ్ముడు ఇకిలించాడు. భూమి తాగడానికే కదరా తవ్వింది! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, వాడికి చెప్పడం. ఆ తర్వాత రెండు వానలకు గుంత మళ్ళీ నిండింది, మళ్ళీ ఇంకింది.

మార్చి దాటింది, ఏప్రిల్ దాటింది. రహమతుల్లా బోరు పోస్తూనే ఉంది. సైదున్నీసా ఆయన పాస్‌పోర్టును బట్టల పెట్టె అడుక్కు తోసేసింది. మా తోటలో మూడొందల చెట్లు కొనల నుంచి ఎండుతూ వచ్చాయి.

మే నెలలో మా ఊరి ఘనులు ఒకరి వెనక ఒకరు రహమతుల్లా ఇంటికి పోయారు, "మా చేలో కూడా ఒక కుంట తీయల్ల మామా" అని. గుంత కాదట, కుంట! నీళ్ళు కనబడేసరికి మాట మారిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. వీళ్ళది ఆ సామెతను తిరగేసిన బతుకు.

నా తమ్ముడు అందరికన్నా ఆఖరున పోయాడు, అదీ నేను తిడితే. దారిలోంచి వెనక్కి వచ్చే రకమని నేనూ వెంట వెళ్ళాను. సైదున్నీసా చాప పరిచి టీ ఇచ్చింది.

"మామా, మా చేలో కుంట తవ్వల్ల" అన్నాడు తమ్ముడు.

"కుంటలు నాకు రావప్పా" అన్నాడు రహమతుల్లా నిమ్మళంగా. "నాకు వచ్చింది గుంత ఒకటే."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"నా చేలో గుంత తవ్వు మామా" అన్నాడు చివరికి, తల వంచుకుని.

"ఎంత లోతు?"

"ఆరడుగులు."

రహమతుల్లా నవ్వలేదు. లేచి, మూలనున్న గడ్డపార తీసుకున్నాడు.