ఎడమవైపు సీటు మీద కర్చీఫ్

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో, ఒక జీపీ సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టుని. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారని ఫోన్ చేసేవాళ్ళకి అపాయింట్‌మెంట్ ఇవ్వడమే తప్ప, ఒక్కరి మాటా నమ్మింది లేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆయనది కాకినాడ. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టిన మనిషి. ఇరవై ఏళ్ళు ఇంగ్లండులో ఉన్నా ఆ అలవాటు పోలేదు. నీలం గళ్ళ కర్చీఫ్, నాలుగు మడతలు, ఒక కొన మాత్రం చెవిలా పైకి లాగి పెట్టేవారు. మా అమ్మాయి స్కూల్లో నాటకమైనా, థేమ్స్ మీద పడవైనా, నా సీటు అలాగే ఆపేవారు.

ఒకరోజు లండన్ రైల్లో, మా సర్జరీ వాళ్ళు ఎదురుగా ఉండగా, "అందరూ చూస్తున్నారు, తీసేద్దురూ" అని కసిరాను. తీసి జేబులో పెట్టేసుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు. ఏడాది తిరక్కుండానే గుండెపోటుతో పోయారు. ఆ మాటకి క్షమించమని అడగనేలేదు నేను. ఆఖరిసారి తొడిగిన సూటు జేబులో, ఆయన డజను గళ్ళ కర్చీఫుల్లోంచి ఒకటి నేనే పెట్టి పంపాను.

వియత్నాం చూడాలని ఆయనకి మహా కోరిక. ఫ్రిజ్ మీద మ్యాప్ అంటించి, కావడిలా ఉంది చూడు, పైనో బుట్ట కిందో బుట్ట అని మురిసిపోయేవారు. హ్యూ నుంచి డా నాంగ్ వెళ్ళే పగటి రైలంటే మరీ పిచ్చి. సముద్రం ఎడమవైపే కనిపిస్తుంది, సీటు నేను ఆపుతానుగా అనేవారు.

పోయిన వసంతంలో అమ్మాయితో వెళ్ళాను. హాలాంగ్‌లో నీళ్ళలోంచి లేచిన కొండల మధ్య తిరిగాం. నిన్ బిన్‌లో పడవావిడ కాళ్ళతో తెడ్లు వేస్తూనే, మేం తెచ్చుకున్న ఆవకాయ వేలితో నాకి కళ్ళు మూసుకుంది.

హ్యూలో రైలెక్కితే మా సీట్లు కుడివైపు. అమ్మాయి చూసుకోకుండా బుక్ చేసింది. కిటికీ నిండా బండరాళ్ళే. ఇంతదూరం వచ్చి ఆయన చెప్పిన ఆ ఒక్కటీ చూడలేనా అని ఏడుపొచ్చింది.

అప్పుడు చూశాను. నడవకి అవతల, ఎడమ కిటికీ సీటు ఖాళీ. దాని మీద నీలం గళ్ళ కర్చీఫ్. నాలుగు మడతలు. ఒక కొన పైకి లాగి ఉంది.

ఎవరో బాత్రూమ్‌కి వెళ్ళారనుకుని చాలాసేపు ఆగాను. టికెట్లు చూసేవాడు వస్తే అమ్మాయి ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగింది. ఆ సీటు ఇవాళ ఎవరికీ ఇవ్వలేదు, కూర్చోమన్నాడు.

కర్చీఫ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రైలు మలుపు తిరగగానే కింద సముద్రం, మనిషి లేని తెల్లటి ఇసుక. అంత అందం నేనెన్నడూ చూడలేదు.

"తప్పు నాదేనండీ" అన్నాను, పైకే.

డా నాంగ్‌లో దిగేటప్పుడు కర్చీఫ్ నా చేతిలోనే ఉంటే, "మమ్, ఇట్స్ నాట్ అవర్స్" అంది అమ్మాయి. సీటు మీద పెట్టేసి దిగాను.

ఇంటికొచ్చి ఆయన సొరుగు చూశాను. డజనులో మిగిలిన పదకొండూ అక్కడే ఉన్నాయి. గళ్ళ కర్చీఫులు ఎక్కడైనా దొరుకుతాయి, నిజమే. ఆ మడత ఎవరు పెట్టారో మాత్రం నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు లండన్ రైలెక్కితే పక్క సీట్లో నేనే కర్చీఫ్ వేస్తాను. అందరూ చూస్తారు. చూడనీ.