కాలువ విన్న పేరు

మా మాటలో షహ్హాతా అంటే బిచ్చగాడు. నైలు డెల్టా ఊళ్లలో ఆ పేరున్న మనిషి కనిపిస్తే, అతనికి ముందు పుట్టినవాళ్లు దక్కలేదని అర్థం. మా షహ్హాతా సంగతీ అంతే: ముగ్గురు కొడుకులు పోయాక నాలుగోవాడికి వాళ్లమ్మ ఆ పేరు పెట్టి, దిష్టి కంటికి ఆనకుండా పెంచింది. కాగితాల్లో మాత్రం మహ్రూస్ అని రాయించింది. అంటే భద్రంగా ఉన్నవాడు. ఆ పేరుతో ఆమె కూడా ఏనాడూ పిలవలేదు.

డెబ్బై దాటినా షహ్హాతా కాలువ మీద బల్లకట్టు లాగుతూనే ఉన్నాడు. రెండు ఒడ్లకీ కట్టిన ఇనప తాడు పట్టుకుని ఆడవాళ్లనీ, గాడిదల్నీ, గడ్డి మోపుల్నీ దాటిస్తాడు. వంతెన కడతామన్న ప్రతి అధికారినీ తనే దాటించానని నవ్వుతాడు. తమ్ముడు జాబిర్ గురించి మాత్రం మాట్లాడడు. ఒక మిట్టమధ్యాహ్నం, ఒడ్డున అన్నదమ్ములు తప్ప ఎవరూ లేనప్పుడు, జాబిర్ “ఆఁ, వస్తున్నా” అని ఎవరికో బదులిచ్చి నీళ్లలోకి నడిచిపోయాడు. నీళ్లలో ఉండే ఆ దయ్యాన్ని మా వైపు ‘పిలిచేది’ అంటారు. ఆడగొంతు. పేరు పెట్టి పిలుస్తుంది. పలికితేనే తీసుకుపోతుంది.

నేను టాంటా పట్నంలో వైద్య పరికరాలు చేసే చిన్న వర్క్‌షాపులో వైర్లు అతికిస్తాను. పుస్తకాలు ఎన్ని చదివినా డిగ్రీ లేనివాడికి అక్కడ దొరికేది ఆ పనే. మా ఇంజనీరు నిర్మీన్, రోగి ఇంటికి వెళ్లకుండా ఏ పరికరానికీ బొమ్మ గీయనివ్వదు. షహ్హాతా గుండె జబ్బుకి మాత్రల పెట్టె చేయాలనుకున్నప్పుడు వారంపాటు బల్లకట్టు మీదే కూర్చుంది. అతనికి కళ్లు మసక, చేతులు వణుకు. మీటలు నొక్కలేడు. అందుకని మధ్యాహ్నం కాగానే ఆ పెట్టే అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. “ఆఁ” అంటే మూత తెరుచుకుంటుంది. పలక్కపోతే ఇంకాస్త గట్టిగా పిలుస్తుంది. ఆ గొంతు నిర్మీన్‌దే. పరాయి గొంతైతే పెద్దాయన బెదురుతాడని తనే చెప్పి రికార్డు చేసింది.

రెండో నెలలో అతని కాళ్లు వాచాయని కబురొచ్చింది. వెళ్లాం. బల్లకట్టు ఒడ్డున ఖాళీగా ఉంది. పెట్టెని గోనెలో చుట్టి గుంజకి కట్టేశాడు. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి.

“ఏం బాబాయ్, బేరాల్లేవా?” అన్నాను.

“ఎవడొస్తాడ్రా? మధ్యాహ్నమైతే చాలు, ‘మహ్రూస్, మహ్రూస్’ అని ఆడగొంతు. ఊళ్లో మహ్రూస్ అనేవాడే లేడు. ఎవడి కోసం వచ్చిందోనని తలుపులేసుకుంటున్నారు.”

“అది పెట్టె బాబాయ్!” అంది నిర్మీన్.

“తెలుసమ్మా. చెడింది నా గుండె, బుర్ర కాదు.”

“మరి పలకొచ్చుగా? మాత్ర వేసుకోకపోతే పోతావు!”

“పిలిచింది పెట్టె అని నాకు తెలుసు. నేను పలికింది పెట్టెకేనని నీళ్లకేం తెలుసు?”

నిర్మీన్ తన నోటుపుస్తకం తీసి చూసుకుంది. “చూపు అడిగాను, చెవి అడిగాను, వణుకు కూడా కొలిచాను. ఏమని పిలవాలో అడగలేదు. గుర్తింపు కార్డు చూసి రాసుకున్నాను.”

“కార్డుకి గుండె జబ్బు లేదుగా మేడమ్,” అన్నాను. కొరకొరా చూసింది.

“పోనీ, షహ్హాతా అని పిలిపించనా?”

“అది నా డాలు తల్లీ. ఆ పేరు కూడా నీళ్లలోదానికి చెప్పేస్తావా?”

ఇక పెట్టె పిలవకూడదని తేల్చాం. పొద్దు నడినెత్తికి రాగానే అతనే వేలితో రెండుసార్లు తడతాడు, మూత తెరుచుకుంటుంది. అవతలి ఒడ్డున ఎవరో ఎదురుచూస్తున్నట్టు అతను మమ్మల్ని బల్లకట్టు ఎక్కించి తాడు లాగుతుంటే, నేను పెట్టె ఒళ్లో పెట్టుకుని విప్పాను. స్పీకరు ఊడదీశాను. బ్యాటరీ చొక్కా జేబులో వేసుకున్నాను. కాలువ మధ్యకి వచ్చాం. ఎండకి నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. రెండు ఒడ్లమీదా పిట్ట కూడా లేదు.

“మహ్రూస్.”

నిర్మీన్ గొంతు. నీళ్ల కింద నుంచి వచ్చింది.

నేను నిర్మీన్ వైపు తిరిగాను. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

“మహ్రూస్.”

షహ్హాతా తాడు వదల్లేదు. మా ఇద్దరినీ చూసి తల అడ్డంగా ఊపాడు, పలకొద్దన్నట్టు. గొంతు ఆగాక మెల్లగా అన్నాడు: “ఏనాడూ పలక్కుండా మా అమ్మ దాచిన పేరిది. నీ పెట్టె నేర్పేసిందమ్మా దానికి.”

కోపంగా అనలేదు. ఒడ్డు చేరాక నేను బ్యాటరీ పెట్టిచ్చాను. రెండుసార్లు తట్టి, మాత్ర తీసుకుని, చల్లారిన టీతో మింగాడు.

అతని కాళ్ల వాపు తగ్గింది. నిర్మీన్ ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది ఒకటే: “మిమ్మల్ని ఏ పేరుతో పిలవకూడదు?” ఆ రేవులో బల్లకట్టు కావలసినవాళ్లు కేకెయ్యరు, చప్పట్లు కొడతారు. చప్పట్లు లేకుండా పిలుపు వినబడితే షహ్హాతా రెండు చేతులా తాడు పట్టుకుని, అది మానేదాకా నిలబడతాడు.

మానడానికి ఈ మధ్య ఎక్కువసేపు పడుతోందట.